పాత లౌడుస్పీకరులపై మోజు: నిజమెంత, భ్రమ యెంత?

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న సీమకు నడిగడ్డ యని పేరు. అందు గద్వాలకు చేరువలో, కర్ణాటక సరిహద్దు నానుకొని గట్టు కలదు. ఆ ప్రాంతపు పల్లెలలో జాతర గాని, పెండ్లి గాని, నాటకము గాని జరుగుచున్నదని చాలకాలము ఊరికి మొదట తెలిపినది వేపచెట్టు కొమ్మకు కట్టిన లోహపు బూర. 1940లో ఢిల్లీలో ప్రారంభమైన అహూజా కంపెనీ పేరు అట్టి బూరలపై తరచు కనబడును. దానిని పల్లెవారు “మైకు” అందురు. నిజమునకు మైకు వేరు. ధ్వనిని విద్యుత్తుగా మార్చునది మైకు; ఆ విద్యుత్తును మరల ధ్వనిగా మార్చి చెట్టున మోగునది లౌడుస్పీకరు. ఇంగ్లండులోను ఇట్టి పేరుమార్పే జరిగినది. 1926లో గై ఫౌంటెన్ స్థాపించిన టానాయ్ కంపెనీ పరికరములు బహిరంగ స్థలములలో మోగి మోగి, తుదకు “టానాయ్” అను పేరే ప్రకటనల బూరకు సామాన్యనామమై నిఘంటువుల కెక్కినది.

ఆ టానాయ్ కంపెనీ 1947లో వెలువరించిన జంట స్పీకరులను, అమెరికాలో సినిమాశాలల కొరకు చేసిన పెద్ద బూరలను నేడు వెదకి కొని, బాగుచేసికొని, ఇంట నిలుపుకొను అభిరుచి గలవారు ప్రపంచమంతటను కలరు. హైదరాబాదులో జుమ్మేరాత్ బజారున పాత సామానుల కుప్పలను తిరగవేయువారిలోను, కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగముల కొరకు తిరుగువారిలోను ఇట్టివారు ఉందురు. “పాత స్పీకరు పాడినట్లు కొత్తది పాడదు” అని వీరి వాదము. ఈ మాటను నమ్మి వేలు, లక్షలు వెచ్చించువారు కలరు. నమ్మక ఎగతాళి చేయువారును కలరు. ఈ యిరువురిలో ఎవరు సరియో తేల్చుటకు స్పీకరును మాత్రమే పరీక్షించిన చాలదు. వినెడు చెవిని కూడ పరీక్షింపవలెను.

బూర రహస్యము

నేటి స్పీకరులలో అధికభాగమునకు మూలరూపము 1925లో ఏర్పడినది. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అను ఇంజనీర్లు ఆ యేడు తమ పరిశోధనను ప్రకటించిరి. కాగితపు గరాటు కొనకు సన్నని తీగచుట్ట అతికింపబడి యుండును. ఆ చుట్ట బలమైన అయస్కాంతపు సందులో నిలుచును. చుట్టలో విద్యుత్ప్రవాహము మారుచున్నకొలది గరాటు ముందు వెనుకలకు కదలి గాలిని కదలించును. ఉన్నత పాఠశాలలో చదువు మోటారు సూత్రమే ఇచ్చట పని చేయుచున్నది.

అయితే ఇందు ఒక చిక్కు కలదు. గాలి మిక్కిలి పలుచనిది. గరాటు ఎంత ఊగినను గాలి ప్రక్కలకు జారిపోవును. అందుచేత సామాన్యమైన స్పీకరునకు నూరు వాట్ల విద్యుత్తు నిచ్చిన ధ్వనిగా మారునది సుమారు ఒక్క వాటు మాత్రమే. తక్కినది తీగచుట్టలో వేడిగా పోవును.

పొలము గట్టున నిలిచి దూరముననున్న వానిని పిలుచువాడు అరచేతులను నోటికి దోనెవలె పట్టును. బూర చేయు పని యిదియే. సన్నని గొంతువద్ద గాలి ప్రక్కలకు తప్పించుకొనజాలదు. కంపించు పొర దానిని గట్టిగా నెట్టగలుగును. గొట్టము క్రమక్రమముగా వెడల్పగుటచే ఆ ఒత్తిడి బయటి గాలికి సాఫీగా అందును. బెల్ ప్రయోగశాలలకు చెందిన వెంటే, థూరాస్ అను శాస్త్రజ్ఞులు 1928లో ప్రకటించిన బూర యంత్రమున, కొన్ని పౌనఃపున్యముల వద్ద, ఇచ్చిన శక్తిలో సుమారు సగము వరకు ధ్వనిగా మారెను.

ఆ కాలమున అంత పొదుపు అవసరమయ్యెను. మూకీలు పోయి టాకీలు వచ్చుచున్న రోజులవి. తెలుగున తొలి టాకీ “భక్త ప్రహ్లాద” 1932లో విడుదలయ్యెను. వందలాది ప్రేక్షకులకు మాట వినిపింపవలెను. వాల్వు యాంప్లిఫయరు ఇచ్చు శక్తియా, కొద్ది వాట్లు. పేరుగాంచిన 300బి అను వాల్వు ఒక్కటి సుమారు 8 వాట్లు మాత్రమే ఇచ్చును. ఆ కొద్ది శక్తితో హాలంతయు నింపుటకు తెర వెనుక నిలిపిన పెద్ద బూరలే శరణ్యమయ్యెను. ధ్వని అడ్డులేక రావలెనని తెరకు సన్నని రంధ్రములు చేసిరి. 1945లో ఆల్టెక్ లాన్సింగ్ కంపెనీ ఈ పని కొరకే “వాయిస్ ఆఫ్ ది థియేటర్” అను వరుసను వెలువరించెను. మన దేశమున విదేశీ వినియోగవస్తువుల దిగుమతిపై దశాబ్దములపాటు కఠినమైన ఆంక్షలుండెను. కాన తెలుగువారిలో అత్యధికులు మేలుజాతి స్పీకరు ధ్వనిని మొదట విన్నది ఇంటిలో కాదు, సినిమా తెర వెనుకనుండియే.

ఈ పొదుపు ఎంతటిదో విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును. ఒక వాటు శక్తి నిచ్చి, ఒక మీటరు దూరమున ధ్వనిమట్టమును కొలుచుట వాడుక. బి.బి.సి. వారు రూపొందించిన ఎల్.ఎస్. 3/5ఎ అను చిన్న స్పీకరు సుమారు 82 డెసిబెల్‌లు ఇచ్చును. పెద్ద బూర స్పీకరు 102 ఇచ్చునని అనుకొందము. తేడా 20 డెసిబెల్‌లు. ప్రతి 10 డెసిబెల్‌లకు శక్తి పదిరెట్లగును గనుక ఈ తేడా నూరు రెట్లు. బూరకు 8 వాట్లు ఇచ్చినప్పుడు వచ్చు ధ్వనిని చిన్నదాని నుండి రాబట్టుటకు 800 వాట్లు కావలెను. అంత శక్తిని పంపిన దాని తీగచుట్ట మాడిపోవును.

బూరకు గల లోపము

ఇంత గుణము గల బూరకు పెద్ద లోపమొకటి కలదు. అది పలుకవలసిన అత్యల్ప పౌనఃపున్యపు తరంగదైర్ఘ్యమెంతయో, దాని నోటి చుట్టుకొలత సుమారు అంత ఉండవలెనని స్థూలనియమము. గాలిలో ధ్వని వేగము సెకనుకు సుమారు 340 మీటర్లు. 40 హెర్ట్జుల మంద్రధ్వనికి తరంగదైర్ఘ్యము ఎనిమిదిన్నర మీటర్లు. అనగా బూర నోరు 2.7 మీటర్ల వ్యాసము గలదై యుండవలెను. అట్టి బూర ఇంటి గుమ్మమున పట్టదు.

చెట్టుకు కట్టిన బూర వ్యాసము అర మీటరు అనుకొనిన, అదే లెక్కచే అది 216 హెర్ట్జులకు దిగువ సరిగా పలుకజాలదు. మృదంగపు తొప్పి ధ్వని, డోలు గుబగుబ దానినుండి రావు. పురుషుని కంఠపు మూలస్వరము 100, 150 హెర్ట్జుల నడుమ నుండును, అదియు రాదు. అయినను వినువారు అది పురుషుని కంఠమని క్షణములో గుర్తింతురు. ఎట్లు? 120 హెర్ట్జుల స్వరముతో కూడ 240, 360, 480 హెర్ట్జుల ఉపస్వరములు వచ్చును. బూర వీనిని పలుకును. వీని నడుమ గల సమానమైన ఎడమునుబట్టి మెదడు రాని 120ని ఊహించి పూరించుకొనును. లోకమున లేని ధ్వనిని చెవి విన్నట్లు తలచుట ఇది. వినుట యనగా చెవిలో పడినదానిని గ్రహించుట మాత్రమే కాదని, మెదడు తన పాలు తాను చేర్చుననియు దీనివలన స్పష్టమగుచున్నది. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు దీని అవసరము కలుగును.

బూర పరిమాణపు చిక్కును అమెరికా ఇంజనీరు పాల్ క్లిప్ష్ చమత్కారముగా తప్పించెను. గది మూలలో రెండు గోడలు, నేల కలియును. అచ్చట పెట్టిన స్పీకరు ధ్వని అన్ని దిక్కులకు పోక, అందు ఎనిమిదవ వంతు చోటిలోనికే పోవును. కాన నోటి వైశాల్యము ఎనిమిదవ వంతు ఉన్నను చాలును. బూరను మడతలుగా పెట్టెలో నమర్చి, తక్కిన పనిని గోడలకే అప్పగించెను. 1946 నుండి తయారగుచున్న ఆ “క్లిప్షార్న్” నేటికిని అమ్మకమున నుండుట విశేషము.

పెట్టె చిన్నదైన విధము

పెద్ద బూరల కాలము ముగియుటకు కారణము వానికంటె మంచి ధ్వని దొరకుట మాత్రమే యనుకొనరాదు. ఇంటి వైశాల్యము, విద్యుత్తు చౌక కూడ కారణములే. 1954లో ఎడ్గర్ విల్చర్ మూతవేసిన చిన్న పెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడి ఏ.ఆర్.-1 అను స్పీకరును చేసెను. చిన్న పెట్టెనుండి అంతకు ముందు వినని మంద్రధ్వని వచ్చెను. 1958లో స్టీరియో రికార్డులు బజారున వచ్చుటతో ఇంట ఒకటికి బదులు రెండు స్పీకరులు అవసరమయ్యెను. రెండు బీరువాల నెవరు పెట్టుకొందురు? పిమ్మట ట్రాన్సిస్టరు యాంప్లిఫయరులు ఎక్కువ వాట్లను చౌకగా నిచ్చుటతో సామర్థ్యము తక్కువైనను చింతలేకపోయెను.

ప్రకృతి దేనిని ఉచితముగా నీయదు. మంద్రధ్వని, చిన్న పెట్టె, అధిక సామర్థ్యము అను మూడింటిలో రెండే లభించును. దీనిని ఇంజనీర్లు హాఫ్‌మన్ నియమమందురు. ఒక స్పీకరు 80కి బదులు 40 హెర్ట్జుల వరకు దిగవలెనన్న, సామర్థ్యము తగ్గకుండుటకు పెట్టె ఎనిమిది రెట్లు పెరుగవలెను. పెట్టె పెరుగకున్న సామర్థ్యము ఎనిమిదవ వంతగును. కొత్త స్పీకరు చిన్నతనమును ఎన్నుకొన్నది. పాత బూర సామర్థ్యము నెన్నుకొన్నది. ఒకటి తెలివి, మరియొకటి తెలివితక్కువ కాదు, ఎంపికలు వేరు.

వాదముల విమర్శ

ఈ భూమికపై అభిరుచిగలవారి వాదములను ఒక్కొక్కటిగా తూచి చూడవచ్చును.

“పాత బూర స్పీకరులో పాట సజీవముగా నుండును” అనునది మొదటి వాదము. ఇందు సత్యమున్నది. సామర్థ్యము ఎక్కువగుటచే కంపించు పొర కొద్దిగా కదలిన చాలును. కదలిక తగ్గినకొలది వికృతి తగ్గును. తీగచుట్ట అంతగా వేడెక్కదు. వేడెక్కిన తీగకు నిరోధము పెరిగి, బిగ్గరగా మోగవలసిన చోట స్పీకరు కొంత అణగిపోవును; బూరకు ఆ బాధ తక్కువ. తవిలు దెబ్బ, నాదస్వరపు ఎత్తుగడ హఠాత్తుగా లేచినప్పుడు అది అలసిపోదు. బూర ధ్వనిని ఒక దిశకే నడుపుటచే గోడల ప్రతిధ్వని తగ్గి మాట స్పష్టమగును. ఇవి కొలతకు అందు గుణములు.

“అల్నికో అయస్కాంతమునకు ప్రత్యేకమైన మాధుర్యము కలదు” అనునది రెండవది. అల్యూమినియము, నికెలు, కోబాల్టు కలిసిన లోహమునకు ఆ పేరు. 1970ల చివర జాయిరేలోని కల్లోలముచే కోబాల్టు ధర మిన్నంటగా తయారీదారులు చౌకయైన ఫెర్రైటునకు మారిరి. చౌకవస్తువు వచ్చెను గనుక ధ్వని చెడెనని ఊహించుట సులభము. కాని తీగచుట్టకు తెలియునది అయస్కాంత క్షేత్రమే గాని లోహపు పేరు కాదు. క్షేత్రము సమముగా, స్థిరముగా నున్న ఏ అయస్కాంతమైనను పనికి వచ్చును. మంచి నిర్మాణమునకు రావలసిన కీర్తిని ఈ వాదము లోహమునకు కట్టబెట్టుచున్నది.

“అసలైన పాత ధ్వని” అనునది మూడవది. ఇందు రెండు ఆక్షేపణలు కలవు. పేరుమోసిన పాత స్పీకరులు ఒకదానికొకటి పోలవు. క్లిప్షార్న్ మూలలో నిలుచు మహాబూర. 1957లో ఇంగ్లండున పీటర్ వాకర్ వెలువరించిన క్వాడ్ స్పీకరులో గరాటు లేదు, అయస్కాంతము లేదు. విద్యుదావేశము గల పలుచని పొర నిశ్చలవిద్యుద్బలముచే కంపించును. దాని స్వచ్ఛత ప్రసిద్ధము. బిగ్గరగా మాత్రము మోగదు. ఎల్.ఎస్. 3/5ఎ యనునది 1970లలో బి.బి.సి. వారి ప్రసార వాహనములలో, కంఠధ్వనిని తనిఖీ చేయుటకు చేసిన చిన్న పెట్టె. దానికి మంద్రము లేదు. ఈ మూడింటి అభిమానులును తమదే “పాత ధ్వని” యందురు. ఇంత భిన్నమైనవానికి ఉమ్మడిగా నున్నది వయస్సు మాత్రమే. వయస్సు ధ్వనిగుణము కాదు.

ఇక రెండవ ఆక్షేపణ. నేడు మోగుచున్నది ఆనాటి ధ్వనియేనా? కాగితపు గరాటు తేమను పీల్చి బరువెక్కును. 1970లలో గరాటు అంచులకు వాడిన నురుగు పదార్థము పదిహేను, ఇరువది యేండ్లలో పొడియై రాలును. వేడి, తేమ గల సీమలో ఇంకను త్వరగా. కెపాసిటరుల విలువ మారును. వీనిని మార్చి కొత్తవి వేసినచో అది సగము కొత్త స్పీకరు. మార్చనిచో అది తయారైననాడు పలికినట్లు పలుకదు.

“ఆనాటి వస్తువులన్నియు మేలైనవి” అనునది నాలుగవ వాదము. ఇది లెక్కలో పొరపాటు. ఆ కాలమున చేసిన నాసిరకపు స్పీకరులు ఎన్నడో తుక్కులోనికి పోయినవి. బాగున్నవానినే జనులు దాచుకొనిరి. మిగిలినవానిని మాత్రమే చూచి కాలమంతటిని మెచ్చుట, పొలమున ఏరి దాచిన విత్తనపు కంకులనుజూచి పంటంతయు అట్లే యుండెననుట వంటిది. నిజమునకు 1961లో థీల్, 1970లలో స్మాల్ అను ఇంజనీర్లు పెట్టెకును గరాటునకును గల సంబంధమును సమీకరణములుగా కూర్చిన పిమ్మట, ఊహపై ఆధారపడిన పని లెక్కకు లొంగినది. అన్ని పౌనఃపున్యములను ఎగుడుదిగుడులు లేక సమముగా పలుకుటలో నేటి మంచి స్పీకరు, మితమైన వెల గలదైనను, నాటి పెక్కింటిని మించును.

చెవియా, కన్నా?

అట్లయిన ఇంతమంది చెప్పు మాట అబద్ధమా? వారు అబద్ధమాడుట లేదు. వారు విన్నది వారికి నిజమే. రాని మూలస్వరమును మెదడు పూరించునని పైన చూచితిమి. అట్లే కన్ను చూచినదానిని, మనస్సు నమ్మినదానిని కూడ మెదడు ధ్వనిలో కలుపును.

దీనిని 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అను పరిశోధకులు ప్రయోగముచే చూపిరి. 40 మంది శ్రోతలకు నాలుగు స్పీకరులను వినిపించిరి. ఒకమారు తెర వెనుక దాచి, మరియొకమారు కనబడునట్లు. కనబడకున్నప్పుడు మంచి మార్కులు పొందిన చౌకయైన చిన్న స్పీకరు, కనబడగానే మార్కులు కోల్పోయెను. పెద్దవి, పేరుగలవి పైకెక్కెను. స్పీకరు మారలేదు, పాట మారలేదు. తెర తొలగుటయే మార్పు. శ్రోతలలో అనుభవజ్ఞులును ఉండిరి. అనుభవము వారిని కాపాడలేదు. టూల్ అంతకు ముందు కెనడాలో చేసిన పరీక్షలలో మరియొక సంగతియు తేలెను. చూడక వినునప్పుడు శ్రోతల అభిప్రాయములు చాలవరకు ఏకీభవించును. వారు మెచ్చునది సమముగా పలుకు స్పీకరునే.

ఈ పరీక్షను ఏ ఉన్నత పాఠశాలలోనైనను చేయవచ్చును. ఒక పాత స్పీకరు, ఒక కొత్త స్పీకరు, ధ్వని సాగునట్టి పలుచని గుడ్డ తెర, ఒక నాణెము చాలును. మొదట రెండింటి ధ్వనిమట్టమును మీటరుతో సమము చేయవలెను, దీనిని మరువరాదు. ఏలయన కొంచెము బిగ్గరగా మోగునది బాగున్నట్లు తోచుట చెవికి స్వభావము. పాతదానికి సామర్థ్యము ఎక్కువ గనుక ఒకే మీట వద్ద అదే బిగ్గరగా మోగి గెలుచును. అంగడిలో జరుగు పోలికలలో పెక్కు ఇట్లే మోసపుచ్చును. తరువాత నాణెము నెగురవేసి, పడినదానినిబట్టి ఒకదానిని మోగించి, ఏది మోగెనో, బాగున్నదో లేదో విద్యార్థులచే వ్రాయింపవలెను. పదిసార్లలో తొమ్మిది లేక పది సరియగుట గ్రుడ్డిగా ఊహించువానికి 1024లో 11 పాళ్లు మాత్రమే సాధ్యము. అట్లు సరిగా చెప్పినవాడు తేడాను నిజముగా వినుచున్నాడని నమ్మవచ్చును. వినిన తేడాలో ఏది మేలో అతడు చూడకయే వ్రాసిన తీర్పునకు విలువ గలదు.

అందుచే పాత స్పీకరు నభిమానించుట తప్పని తేలదు. కర్రపనితనము, విప్పి బాగుచేయుటకు వీలు, తెర వెనుక తొలిసారి విన్న కంఠపు జ్ఞాపకము — ఇవన్నియు నిజమైన సంతోషములే. వీనిని “ధ్వనిగుణము” అను పేరున అమ్ముటయు కొనుటయు మాత్రమే తప్పు. ఆ తప్పువలన నష్టము కూడ కలదు. పేరుగల అయస్కాంతము కొరకు చక్కగా పలుకుచున్న పాత పెట్టెలను విప్పి, భాగములుగా అమ్మివేయువారు కలరు. కొన్నవానికి ఆ ధ్వని రాదు, పెట్టె మిగులదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో ఒకే తెర గల సినిమాహాలు మూతపడినప్పుడు గాని, జాతరకు డీజే పెట్టెలు వచ్చి మైకుసెట్టువాని బూరలు మూలపడినప్పుడు గాని, వానిని తూకమునకు వేయకముందు దగ్గరి పాఠశాల అడిగి తెచ్చుకొనుట మంచిది. ఒక బూరను నిలువున కోసి చూపిన, గొట్టము మడతలు, సన్నని గొంతు, పెరుగు నోరు కంటికి కనబడును. దాని నోటి వ్యాసమును బద్దతో కొలిచి, అది ఎంత దిగువ వరకు పలుకగలదో విద్యార్థులే లెక్కవేసి, మోగించి సరిచూచుకొనవచ్చును.